మోషే మరణం గురించి రాసిందెవరు? దైవావేశం అంటే అసలేంటి?

ఆదివారం_బడి
మా యూత్ మీటింగ్‌లో ద్వితీయోపదేశకాండం పూర్తి చేశాం. చివరి అధ్యాయంలో మోషే చనిపోతాడు, జనం 30 రోజులు ఏడుస్తారు, "నేటివరకు" ఆయన సమాధి ఎక్కడుందో ఎవరికీ తెలియదని కూడా ఉంటుంది. ఇంటర్ చదివే కుర్రాడొకడు లేచి "ఐదు కాండాలూ మోషే రాశాడన్నారు కదా, మరి ఇదెవరు రాశారు?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే సంఘంలో ఒక పెద్దాయన అందుకుని "పరిశుద్ధాత్మ రాయించాడు. ఇలాంటి ప్రశ్నలు సాతాను పెట్టేవి" అని కసిరేశాడు. వాడు బైబిలు మూసేసి ఫోన్ తీశాడు.

ఆ జవాబు నాకే మింగుడు పడలేదు. దేవుడు రాయించాడంటే ఇక మనిషి ఎవరైతేనేం అనుకోవాలా? లేక పైన ఎవరి పేరుందో వాళ్లు రాయలేదని తేలితే దైవావేశం (దేవుడు ప్రేరేపించి రాయించడం) కూడా పోయినట్టేనా? తెలిసినవాళ్లు చెప్పండి, తిట్టుకోకుండా.

నిద్రపట్టని_గొర్రె
"తిట్టుకోకుండా" అన్నారంటే ఈ థ్రెడ్ తెల్లారేదాకా నడుస్తుంది. నేను రెడీ.

వాక్యమే_దీపం
2 తిమోతి 3:16. "దైవావేశమువలన కలిగిన ప్రతి లేఖనము". ప్రతి అంటే ప్రతి. పారసీక రాజు కోరెషు పుట్టకముందే అతని పేరు యెషయా చేత రాయించిన దేవుడికి, మోషే చావు ముందే చూపించి రాయించడం ఎంత పని?

హేతువాది_ఎక్స్
పుస్తకం నిజమని ఎలా తెలుసు? పుస్తకమే చెప్పింది. పుస్తకం మాట ఎందుకు నమ్మాలి? అది నిజం కాబట్టి. గానుగ చుట్టూ తిరిగినట్టుంది.

ఫుట్‌నోట్
మీ పెద్దాయనా మీ కుర్రాడూ పడ్డ గొడవ కొత్తదేం కాదు, యూదు రబ్బీల చర్చల గ్రంథం తల్మూదులోనే ఉంది. చివరి 8 వచనాలు మోషే తర్వాత నాయకుడైన యెహోషువ రాశాడని ఒక రబ్బీ అంటాడు. ఇంకో రబ్బీ ఒప్పుకోడు, దేవుడు చెబుతుంటే మోషే కన్నీళ్లు పెట్టుకుంటూ తన చావు తానే రాసుకున్నాడంటాడు. రెండు మాటల్నీ పక్కపక్కనే ఉంచారు. ఎవరి మాటా సాతాను మాట అనలేదు.

12వ శతాబ్దంలో యూదు వ్యాఖ్యాత ఇబ్న్ ఎజ్రా ఇంకాస్త ముందుకెళ్లాడు. ఆ అధ్యాయంలోని 12 వచనాలూ మోషేవి కావని అర్థమయ్యేలా గుంభనంగా రాసి, తెలిసినవాడు నోరు మెదపడు అన్న ధోరణిలో వదిలేశాడు. 1670లో తత్వవేత్త స్పినోజా ఆ గుట్టు విప్పాడు, పుస్తకం మీద తన పేరు మాత్రం వేసుకోలేదు. 1753లో ఆస్ట్రుక్ అనే ఫ్రెంచి డాక్టరు, ఆదికాండంలో దేవుడి పేర్లు మారే తీరు చూసి, మోషే అంతకుముందున్న రాతలు దగ్గర పెట్టుకుని కూర్చాడని ప్రతిపాదించాడు. గమనించండి, ఆయన ఉద్దేశం మోషేని కాపాడటమే. ఆయన పుస్తకం కూడా పేరు లేకుండానే అచ్చయింది. ఏ పుస్తకం ఎవరు రాశారో తేల్చే పుస్తకాలకే రచయిత పేరు లేకపోవడం నాకు భలే నచ్చుతుంది.

ఇంకో చోటు: ఆది 36:31. ఇశ్రాయేలీయులకు రాజు లేనప్పుడు ఎదోమును ఏలిన రాజులు వీళ్లు అంటుంది. ఇశ్రాయేలుకి రాజులు వచ్చాక బతికినవాడి నోట రావాల్సిన మాట అది.

నిద్రపట్టని_గొర్రె
సంఖ్యాకాండం 12:3 మర్చిపోయారు. భూమ్మీద మోషేని మించిన సాత్వికుడు లేడట. అది మోషేనే రాసుకుని ఉంటే, ఆ క్షణంలోనే ఆ వచనం తప్పయిపోయేది.

వాక్యమే_దీపం
జోకులు బాగానే ఉన్నాయి. యోహాను 5:46లో యేసు ప్రభువే మోషే "నన్నుగూర్చి వ్రాసెను" అన్నాడు. ప్రభువు మాట ఒకవైపు, స్పినోజా మాట ఇంకోవైపు పెడితే నేను ఎటుంటానో చెప్పక్కర్లేదు.

తోమా_తమ్ముడు
దీపం బ్రదర్, అందులో "రాశాడు" అని ఉంది, "ఐదూ మొత్తంగా రాశాడు" అని లేదు. ధర్మశాస్త్రం రాసి యాజకులకు ఇచ్చాడని ద్వితీ 31:9 చెబుతుంది. అంతవరకు ఎవరికీ పేచీ లేదు. ఆది 1:1 నుంచి ద్వితీ 34 దాకా ప్రతి అక్షరం ఆయనదే అన్నది మనం అతికించుకున్నది. అక్కడ ఎక్కడా లేదు.

కథోలిక_కోడలు
మా ప్రొటెస్టంట్ పుట్టింటి బైబిల్లో 66 పుస్తకాలు, కథోలిక అత్తింటి బైబిల్లో 73. కాబట్టి ఈ గొడవ నాకు భోజనాల దగ్గరే అలవాటు.

కథోలిక వైపు కూడా ఇది ఒక్కరోజులో తేలలేదు. 1906లో రోము బైబిలు కమిషన్ మోషే కర్తృత్వాన్నే సమర్థించింది. కాకపోతే ఆయన లేఖికుల చేత రాయించి ఉండొచ్చని, పాత రాతలు వాడుకుని ఉండొచ్చని కాస్త సందు వదిలింది. 1943లో పోపు 12వ పయస్, ఆ కాలపు రచనా పద్ధతులు తెలుసుకోకుండా లేఖనాలకు అర్థం చెప్పొద్దన్నాడు. 1965లో రెండవ వాటికన్ సభ, దేవుడూ కర్తే, మనుషులూ నిజమైన కర్తలే అంది. మన రక్షణ కోసం దేవుడు ఏ సత్యం రాయించాలనుకున్నాడో దాన్ని ఆ పుస్తకాలు తప్పు లేకుండా చెబుతాయంది. "మన రక్షణ కోసం" అన్న ఆ ముక్క పరిధి ఎంత అని ఇప్పటికీ కొట్టుకుంటూనే ఉన్నారు, అది వేరే కథ.

శాస్త్రి_మనవడు
నేను క్రైస్తవుణ్ని కాదు, పక్క నుంచి చూస్తున్నా. మా వైపు వేదం అపౌరుషేయం. కర్త అంటూ ఎవరూ లేరు, ఋషులు చూసి చెప్పారంతే. ముస్లింలకు ఖురాను మాటకు మాట దేవుడిదే, ప్రవక్త దానికి రచయిత కాదు. మీ పుస్తకంలో మాత్రం "పౌలు అను నేను" అంటూ మనిషి ఎదురుగా నిలబడి మాట్లాడతాడు. ఇదేదో మూడో రకంలా ఉంది.

నిద్రపట్టని_గొర్రె
జంటకవుల లెక్క. ఏ పాదం ఎవరిదో అడక్కూడదు.

శాస్త్రి_మనవడు
హహ. కానీ జంటకవులిద్దరూ సమ ఉజ్జీలు. ఇక్కడ ఒకరు సృష్టికర్త, ఇంకొకరు సృష్టి. ఆ లెక్కన రెండోవాడు నోరెత్తగలడా అన్నదే నా అనుమానం.

చర్మపుకాగితం
శాస్త్రి గారు అడిగిందే అసలు సంగతి. రెండోవాడు నోరెత్తాడు, బాగానే ఎత్తాడు. సిద్ధాంతాలు పక్కనపెట్టి, పుస్తకాలు తమ గురించి తాము ఏం చెబుతున్నాయో చూడండి.

లూకా మొదటి నాలుగు వచనాలు. నాకు దర్శనం వచ్చిందని ఆయన అనడు. నాకంటే ముందు చాలామంది రాశారు, కళ్లారా చూసినవాళ్లు మాకు అప్పగించారు, నేను మొదటినుంచీ అన్నీ ఆరా తీసి వరసగా రాస్తున్నాను అంటాడు.

రోమా 16:22. "ఈ పత్రిక వ్రాసిన తెర్తియు అను నేను". పౌలు చెబుతుంటే రాసుకున్న లేఖికుడు తన వందనం తాను చెప్పుకున్నాడు. అదీ లేఖనంలో కలిసిపోయింది.

ఇక నాకు అన్నిటికంటే ఇష్టమైనది 1 కొరింథీ 1:14-16. పౌలు కోపంలో ఉన్నాడు. క్రిస్పుకి, గాయియుకి తప్ప మీలో ఎవరికీ నేను బాప్తిస్మం ఇవ్వలేదు, దేవుడికి స్తోత్రం అంటాడు. రెండు వచనాలు తిరిగేసరికి గుర్తొచ్చింది: ఆ, స్తెఫను ఇంటివాళ్లకి కూడా ఇచ్చాను. ఆ వెంటనే, ఇంకెవరికైనా ఇచ్చానేమో నాకు తెలియదు అంటాడు. చెబుతుండగా గుర్తు తెచ్చుకున్నాడు, పైన రాసింది కొట్టేయలేదు, కింద కలిపాడు. పరిశుద్ధాత్మ మాటకు మాట చెప్పి రాయిస్తే "నాకు తెలియదు" ఎక్కడినుంచి వచ్చింది? పరిశుద్ధాత్మకి తెలియదా?

అదే పత్రికలో 7:10లో ఇది ప్రభువు ఆజ్ఞ అంటాడు, 7:12లో ఇది ప్రభువు కాదు, నేను చెబుతున్నా అంటాడు. గీత ఆయనే గీశాడు.

హేతువాది_ఎక్స్
ఈ పోస్టు నా వైపు వాళ్లు రాయాల్సింది. మీరు నమ్మేవాళ్లా కాదా?

చర్మపుకాగితం
నమ్ముతాను. పౌలు మతిమరుపుతో సహా.

వాక్యమే_దీపం
ఒక మాట స్పష్టంగా చెప్పనివ్వండి. మేమందరం టేప్ రికార్డర్ బ్యాచ్ అని మీరు అనుకుంటున్నారు. లేఖనాల్లో తప్పు లేదనే మావాళ్లు 1978లో చేసిన చికాగో ప్రకటనలోనే, దేవుడు ఆయా రచయితల వ్యక్తిత్వాన్నీ శైలినీ వాడుకున్నాడని ఉంది. పౌలు మర్చిపోయాడు, మర్చిపోయానని నిజాయితీగా రాశాడు, ఆ రాసింది నిజం. అందులో తప్పేముంది? లూకా ఆరా తీశాడు, ఆ ఆరాను ఆత్మ నడిపించాడు. నాకు ఇబ్బందే లేదు.

నా ఇబ్బంది వేరే. "పౌలు" అని మొదలయ్యే పత్రికను పౌలు రాయలేదంటే అది అబద్ధం. అబద్ధం ఆడే పుస్తకానికి దైవావేశం ఎక్కడిది? మోషే విషయంలో చివరి అధ్యాయం యెహోషువ రాశాడన్నా నాకు నిద్ర పడుతుంది, ఎందుకంటే అక్కడ "మోషే అను నేను" అని లేదు. తిమోతి పత్రికల్లో ఉంది.

ఫుట్‌నోట్
ఈ థ్రెడ్‌లో ఇప్పటిదాకా వచ్చిన వాటిలో గట్టి పాయింటు ఇదే.

పౌలు పేరుతో 13 పత్రికలున్నాయి. 7 విషయంలో దాదాపు ఎవరికీ అనుమానం లేదు: రోమా, రెండు కొరింథీ, గలతీ, ఫిలిప్పీ, మొదటి థెస్సలొనీక, ఫిలేమోను. మిగతా ఆరింటి మీద వాదన ఉంది, రెండు తిమోతిలు, తీతు మీద ఎక్కువ. 1 తిమోతి పౌలుది కాదని జర్మన్ వేదాంతి ష్లయర్‌మాకర్ 1807లోనే రాశాడు, ముఖ్యంగా పదజాలం చూపించి.

ఆ కాలంలో గురువు పేరుతో శిష్యుడు రాయడం మామూలే, ఎవరూ తప్పు పట్టేవారు కాదు అని కొందరు తేలిగ్గా దాటేస్తారు. నాకది నచ్చదు. తొలినాటి సంఘ రచయిత టెర్టులియన్ ఒక సంగతి రాశాడు. ఆసియాలో ఒక సంఘపెద్ద పౌలు పేరు మీద కథ అల్లి దొరికిపోయాడు. పౌలు మీద ప్రేమతో రాశానన్నాడు. అయినా పదవి పోయింది. ప్రేమతో రాశానన్నా వదల్లేదంటే, తప్పు పట్టేవాళ్లు ఉన్నట్టే కదా. 2 థెస్సలొనీక 2:2 చూడండి, మా దగ్గర నుంచి వచ్చినట్టున్న పత్రికను చూసి బెదరకండి అని హెచ్చరిక. 3:17లో ఇది నా చేతిరాత, ప్రతి పత్రికకూ ఇదే గుర్తు అంటాడు. తమాషా ఏంటంటే ఆ పత్రిక కూడా అనుమానితుల జాబితాలో ఉంది.

హేతువాది_ఎక్స్
అంటే దీపం గారు మొదట ఎత్తిన 2 తిమోతి 3:16, రచయిత ఎవరో తేలని పత్రికలో ఉంది. దైవావేశానికి సాక్ష్యం చెప్పడానికి వచ్చినవాడి గుర్తింపు కార్డే తేడాగా ఉందన్నమాట. పైగా అక్కడ లేఖనం అంటే తిమోతి చిన్నప్పటి నుంచి చదివినవి, అంటే పాత నిబంధన. కొత్త నిబంధన అప్పటికి ఒక పుస్తకంగా కూడా లేదు.

వాక్యమే_దీపం
2 పేతురు 3:16 పౌలు పత్రికల్ని తక్కిన లేఖనాలతో కలిపి చెబుతుంది. అది కొత్త నిబంధనే.

హేతువాది_ఎక్స్
2 పేతురు!! సంఘ చరిత్రకారుడు యుసేబియస్ నాలుగో శతాబ్దంలోనే సందేహం ఉన్న పుస్తకాల్లో వేసిన 2 పేతురు!

వాక్యమే_దీపం
సందేహించారు, పరిశీలించారు, ఒప్పుకున్నారు. కళ్లు మూసుకుని తీసుకోలేదని దాని అర్థం. తిమోతి సంగతికొస్తే, 4:13 చదవండి. త్రోయలో కర్పు దగ్గర వదిలేసిన అంగీ తీసుకురా, పుస్తకాలు తీసుకురా, ముఖ్యంగా చర్మపు కాగితాలు. ముసలాయన, జైలు, చలికాలం లోపల రమ్మంటున్నాడు. దొంగ పత్రిక రాసేవాడికి కర్పు ఎందుకు, అంగీ ఎందుకు? ఇక భాష తేడా అంటారా, 4:11లో లూకా ఒక్కడే నా దగ్గరున్నాడు అంటాడు. లూకా చేత రాయించి ఉండొచ్చు. 1 పేతురు 5:12లో సిల్వాను చేత రాయించానని పేతురు చెప్పలేదా?

చర్మపుకాగితం
నా పేరు ఎక్కడిదో బయటపెట్టేశారు.

ఫుట్‌నోట్
అంగీ వచనం నాకూ ఇష్టమే. కానీ "ఇంత చిన్న వివరం ఎవరు కల్పిస్తారు" అని చదివేవాడు అనుకోవాలనే కదా కల్పించేవాడు పెట్టేది. ఆ వచనాన్ని ఇద్దరూ వాడుకోవచ్చు, అందుకే దాని మీద నేను బరువు పెట్టను. లేఖికుడి వాదన మాత్రం కొట్టిపారేసేది కాదు. తెర్తియు ఉన్నాడు, సిల్వాను ఉన్నాడు. లేఖికుడికి ఎంత స్వేచ్ఛ ఇచ్చేవారన్నదే ప్రశ్న.

కొత్తమొక్క
ఇదంతా చదువుతుంటే టెన్షన్ వస్తోంది. సువార్తలైనా మత్తయి, మార్కు, లూకా, యోహాను రాసినవేనా?

ఫుట్‌నోట్
టెన్షన్ పడకండి. నాలుగు సువార్తల లోపలా "ఫలానా నేను" అని రచయిత పేరు చెప్పుకోలేదు. పేర్లు శీర్షికల్లో ఉన్నాయి. పేతురు చెప్పినవి మార్కు రాశాడని రెండో శతాబ్దం మొదట్లో పపియస్ అనే బిషప్పు అన్నాడు, ఆ మాట యుసేబియస్ వల్ల మనకు దక్కింది. నాలుగు పేర్లూ వరసగా చెప్పినవాడు బిషప్పు ఐరేనియస్, సుమారు 180లో.

తోమా_తమ్ముడు
కొత్తమొక్కా, ఇంకోవైపు నుంచి చూడు. పేరు కల్పించాలనుకున్నవాడు పేతురునో యాకోబునో పెట్టుకుంటాడు. పన్నెండుమందిలో లేని మార్కు పేరు, లూకా పేరు ఎందుకు పెడతాడు?

అసలు ఆదివారం_బడి అడిగినదానికి జవాబు హెబ్రీ పత్రికలో ఉంది. దానికి పేరే లేదు. బర్నబా అని టెర్టులియన్, అపొల్లో అని లూథర్. ఎవరు రాశారో దేవుడికే తెలుసు అని మూడో శతాబ్దంలోనే బైబిలు పండితుడు ఒరిగెన్ చేతులెత్తేశాడు. అయినా అది బైబిల్లో ఉంది. పేరు తెలియకపోతే దైవావేశం పోతుందంటే ముందు హెబ్రీ పత్రిక చింపేయాలి.

ఫుట్‌నోట్
దానికి తోడు ఇంకొకటి. మూడో శతాబ్దంలోనే అలెగ్జాండ్రియా బిషప్పు డయొనీసియస్, ప్రకటన గ్రంథం గ్రీకుకీ యోహాను సువార్త గ్రీకుకీ పొంతన లేదని లెక్కకట్టి, ఇది అపొస్తలుడు యోహానుది కాదు, ఇంకో యోహానుది అన్నాడు. అలాగని పుస్తకాన్ని పక్కనపెట్టలేదు. రాసినవాడు పరిశుద్ధుడే, దైవావేశం పొందినవాడే అన్నాడు. రచయితను మార్చి ఆవేశాన్ని ఉంచాడు. మన వాదన ఆయన ఎప్పుడో చేసేశాడు.

వాక్యమే_దీపం
హెబ్రీకి పేరు లేదు, ఒప్పుకుంటాను. ప్రకటనలో ఉన్నది "యోహాను" అనే, "అపొస్తలుడు" అని లేదు. పేరు లేకపోవడం వేరు, దొంగ పేరు ఉండడం వేరు. నా పాయింటు అలాగే ఉంది.

ఆదివారం_బడి
నిజమే, అది అలాగే ఉంది. ఇన్ని పోస్టుల్లో దాన్ని ఎవరూ కదపలేకపోయారు.

చర్మపుకాగితం
కదపను. పక్కన ఇంకోటి పెడతాను. మూల ప్రతులకే దైవావేశం వర్తిస్తుందని అదే చికాగో ప్రకటన అంటుంది. సరే, యిర్మీయా 36 తీయండి.

యిర్మీయా చెబుతుంటే బారూకు చుట్ట మీద సిరాతో రాశాడు. అది రాజు యెహోయాకీము దాకా వెళ్లింది. తొమ్మిదో నెల, రాజు చలికాలపు ఇంట్లో కూర్చున్నాడు, ముందు కుంపటి రగులుతోంది. యెహూది అనేవాడు చదువుతున్నాడు. మూడు నాలుగు పుటలు అయ్యేసరికి రాజు చాకుతో ఆ ముక్క కోసి కుంపట్లో వేస్తాడు. ఇంకో మూడు నాలుగు, మళ్లీ చాకు. చుట్ట మొత్తం బూడిదయ్యేదాకా. వద్దని ముగ్గురు బతిమాలినా వినలేదు.

అప్పుడు దేవుడు ఇంకో చుట్ట తీసుకొమ్మన్నాడు. బారూకు మళ్లీ రాశాడు. చివరి వచనం ఏమంటుంది? అవే మాటలు రాశాడు, అలాంటివి ఇంకా చాలా కలిపాడు. ఇప్పుడు చెప్పండి, మూల ప్రతి ఏది? కాలిపోయిందా, పెరిగిందా?

కథ అక్కడితో ఆగదు. యిర్మీయా పాత గ్రీకు అనువాదం, హెబ్రీ పాఠం కంటే సుమారు ఎనిమిదో వంతు చిన్నది, అధ్యాయాల వరస కూడా వేరు. అనువాదకులు కోసేశారనుకునేవారు. మృతసముద్రం దగ్గరి కుమ్రాన్ గుహల్లో ఆ చిన్న పాఠానికి సరిపోయే హెబ్రీ ముక్కలు కూడా దొరికాయి. అంటే రెండు రకాల యిర్మీయాలు హెబ్రీలోనే తిరుగుతుండేవి.

కథోలిక_కోడలు
దేవుడే రెండో ఎడిషన్ వేయించాడు, అదీ సవరించి, విస్తరించి. ఇది మా మామగారికి పంపుతున్నా.

వాక్యమే_దీపం
రెండూ దేవుడు చెప్పిందే కదా. కాలిన చుట్టా ఆయన మాటే, పెరిగిన చుట్టా ఆయన మాటే. ఇందులో మనిషి కల్పన ఎక్కడ?

చర్మపుకాగితం
కల్పన అనడంలేదు బ్రదర్. ఒక్క రోజు, ఒక్క కలం, ఒక్క ప్రతి అనే బొమ్మ మాత్రం యిర్మీయా దగ్గర నిలవదు అంటున్నా. సామెతలు 25:1లో హిజ్కియా మనుషులు సొలొమోను సామెతలు ఎత్తి రాశారని ఉంది, సొలొమోను పోయిన రెండు వందల ఏళ్ల తర్వాత. ఆ ఎత్తి రాసినవాళ్లకి పేర్లు కూడా లేవు.

కొత్తమొక్క
మార్కు చివరి 12 వచనాలు ప్రక్షిప్తం (తర్వాత ఎవరో చేర్చినవి) అంటారు, నిజమా?

ఫుట్‌నోట్
సైనాటికస్, వాటికనస్ అనే రెండు నాలుగో శతాబ్దపు ప్రతుల్లో లేవు. 16:8 దగ్గర స్త్రీలు భయపడి పారిపోవడంతో ఆగిపోతుంది.

నిద్రపట్టని_గొర్రె
పాముల్ని ఎత్తి పట్టుకోవడం ఆ వచనాల్లోనే ఉంది. వాటికి దైవావేశం లేదంటే నాకంటే ఎక్కువ సంతోషించేవాడు ఉండడు.

కథోలిక_కోడలు
మాకు ఆ సమస్య లేదు. ఎవరు రాసి కలిపినా సరే, సంఘం చదువుతూ వచ్చింది కాబట్టి అది లేఖనమే. మీకు మాత్రం ఏది లేఖనమో చెప్పే జాబితా కూడా సంఘం నుంచే వచ్చింది. మనం వాడే 27 పుస్తకాలనే జాబితా కట్టి అలెగ్జాండ్రియా బిషప్పు అథనేసియస్ 367లో తన పండుగ ఉత్తరంలో రాశాడు.

వాక్యమే_దీపం
సంఘం గుర్తించింది, తయారు చేయలేదు.

హేతువాది_ఎక్స్
గుర్తించడంలోనే మీకు 66, వాళ్లకి 73, ఇథియోపియా వాళ్లకి 81 వచ్చాయి. ఇథియోపియా బైబిల్లో హనోకు గ్రంథం కూడా ఉంది. యూదా పత్రిక 14వ వచనం దాన్నే ఎత్తి చెబుతుంది. మరి అదీ దైవావేశమేనా?

వాక్యమే_దీపం
ఎత్తి చెప్పినంత మాత్రాన లేఖనం అయిపోదు. అపొస్తలుల కార్యాలు 17:28లో పౌలు గ్రీకు కవి పాదం ఎత్తాడు. ఆ కవి ప్రవక్త అవుతాడా?

తోమా_తమ్ముడు
ఆగండాగండి. పౌలు కవి పేరు చెప్పలేదు. యూదా మాత్రం "ఆదాము మొదలుకొని ఏడవవాడైన హనోకు" అని పేరు పెట్టి, తరం చెప్పి మరీ ఎత్తాడు. యేసు ప్రభువు "మోషే" అన్నాడు కాబట్టి రాసింది మోషేనే అని మీరు పైన అన్నారు. అదే తూకం రాయి ఇక్కడ వేస్తే హనోకు గ్రంథం నిజంగా హనోకే రాసినట్టు.

వాక్యమే_దీపం
యూదా "ప్రవచించాడు" అన్నాడు, "రాశాడు" అనలేదు. నోటి మాట తరాలుగా వచ్చి, తర్వాత ఎవరో పుస్తకంలో పెట్టి ఉండొచ్చు.

తోమా_తమ్ముడు
బాగుంది. మోషే విషయంలో కూడా ఆ ఒక్క ముక్కే ఒప్పుకోమంటున్నాం.

వాక్యమే_దీపం
యోహాను 5:46లో "వ్రాసెను" అని ఉంది. ప్రవచించెను అని లేదు. ముందు దానికి జవాబు చెప్పండి, తర్వాత మాట్లాడదాం.